లండన్ కాఫీ అంగళ్ళు: డికాషన్‌కు అలవాటైన అనంతపురం నాలుకకు

లండన్‌లో కౌంటర్ దగ్గర నిలబడి ‘ఫిల్టర్ కాఫీ’ అంటే వచ్చేది మన ఫిల్టర్ కాఫీ కాదు. పాలుండవు, చక్కెర ఉండదు. పావు లీటరు కప్పులో టీ డికాషన్ రంగున్న పలుచని కాఫీ ఇస్తారు. ధర మూడున్నర నుంచి నాలుగు పౌండ్లు, అంటే నాలుగు వందల రూపాయల పైచిలుకు. మొదటి గుక్కే పుల్లగా తగులుతుంది. డబరా గ్లాసులో నురుగు తేలే చిక్కటి కాఫీ తాగే అనంతపురం మనిషి ‘ఇదేదో చెడిపోయింది’ అనుకోవడం సహజం. కొన్ని అంగళ్ళలో నిజంగానే చెడగొట్టి ఇస్తారు. కొన్నింటిలో ఆ పులుపు పోకుండా జాగ్రత్తపడి మరీ ఇస్తారు. ఆ తేడా పట్టుకోవడం వస్తే మంచి అంగడి వెతుక్కునే పని సగం అయినట్టే. జేఎన్‌టీయూ నుంచో ఎస్కేయూ నుంచో చదువుకు పోయే పిల్లలను, వాళ్ళను చూడ్డానికి పోయే అమ్మానాన్నలను మనసులో పెట్టుకుని రాస్తున్నది ఇది.

ముందు పులుపు సంగతి. కాఫీ గింజ ఒక పండు లోపలి విత్తనం, పండులో ఉన్నట్టే దానిలోనూ ఆమ్లాలుంటాయి. మన దగ్గర గింజను ముదురుగా వేయిస్తారు, చికోరీ కలుపుతారు, పాలు పోస్తారు. ఈ మూడూ కలిసి ఆ పులుపును కనపడకుండా చేస్తాయి. మేలైన గింజ ఎంచి కాఫీ చేసే స్పెషాలిటీ అంగళ్ళు గింజను లేతగా వేయించి, పాలు పోయకుండా ఇస్తాయి కాబట్టి అది బయటపడుతుంది. మాగిన చీనీకాయ పులుపు ఒకటుంది, దాని వెనకే తీపి వస్తుంది. పచ్చి చింతకాయ పులుపు ఒకటుంది, పళ్ళు జివ్వుమంటాయి, ఇంకేమీ మిగలదు. మొదటిది గింజ గుణం, రెండోది చేసినవాళ్ళ తప్పు. పొడి మరీ బరకగా ఉన్నా, నీళ్ళు చాలినంత వేడి లేకున్నా, నీళ్ళు తొందరగా జారిపోయినా ఈ తప్పు జరుగుతుంది. గింజలోంచి ఆమ్లాలు ముందు కరుగుతాయి, తీపి ఆ తర్వాత, చేదు చివరన. మధ్యలోనే ఆగిపోతే పులుపొక్కటే కప్పులోకి దిగుతుంది.

దీన్ని కనిపెట్టడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. కప్పు అందగానే ఒక గుక్క, అయిదు నిమిషాలకు ఒక గుక్క, గోరువెచ్చగా అయ్యాక ఒక గుక్క తాగండి. మంచి కాఫీ చల్లారేకొద్దీ తీపి తేలుతుంది, రుచి విడివిడిగా తెలుస్తుంది. చెడ్డ కాఫీ చల్లారేకొద్దీ మొరటుగా, వగరుగా తయారవుతుంది. వేడి రుచిని దాచేస్తుంది. మనం పొగలు కక్కే కాఫీ తాగడానికి అదీ ఒక కారణమని మా అనుమానం.

లేత రోస్టు అంటే పచ్చిగా వదిలేయడం అని కొందరనుకుంటారు. చెనక్కాయలు వేయించిన చేతులకు ఇది చెప్పనక్కర్లేదు. సరిగ్గా వేగిన గింజకూ, పైన రంగు వచ్చి లోపల పచ్చి వాసన మిగిలిన గింజకూ, మాడిన గింజకూ తేడా ముక్కే చెబుతుంది. కాఫీ కూడా అంతే. కప్పులో పచ్చి బఠాణీ వాసనో, తడి గడ్డి వాసనో వస్తే అది లేత రోస్టు కాదు, వేగని రోస్టు. బూడిద వాసన వస్తే మాడింది. స్పెషాలిటీ అన్న మాటకు కొలత కూడా ఉంది. రుచి చూసే నిపుణులు 100కు 80 మార్కులో ఆపైనో వేసిన గింజకే ఆ పేరు అని చాలా ఏళ్ళుగా వాడుక. అయితే ఆ మార్కులు గింజకు వేసినవి. బోర్డు మీద ‘స్పెషాలిటీ’ అని ఎవరైనా రాసుకోవచ్చు.

అందుకే లోపలికి పోయాక ముందు మెనూ చూడకండి, గ్రైండర్ చూడండి. మెషిన్ ఒత్తిడితో వేడినీళ్ళు పంపి తీసే చిక్కటి ఎస్ప్రెస్సోకు ఒకటి, ఫిల్టర్‌కు ఒకటి, కనీసం రెండుండాలి. ఎస్ప్రెస్సోకు పొడి సన్నగా ఉండాలి, ఫిల్టర్‌కు రవ్వలా ఉండాలి. ఒకే గ్రైండర్‌ను గంటకు పదిసార్లు అటూ ఇటూ తిప్పితే రెండూ చెడతాయి. గింజలు పోసే పైగిన్నె లోపలివైపు గోధుమరంగు జిడ్డు పొర కనిపిస్తే అది రోజుల తరబడి కడగలేదు, ఆ నూనె ముక్కిపోయి ప్రతి కప్పులోకీ దిగుతోంది. తర్వాత పాలు కాచే ఆవిరి గొట్టం చూడండి. ప్రతిసారీ వాడగానే తడిబట్టతో తుడిచి, ఒకసారి ఆవిరి వదలాలి. గొట్టం మీద ఎండిన పాల పొర అట్టకట్టి ఉంటే మారు మాట్లాడకుండా బయటికి రండి. మొహమాటపడి ఆర్డరిచ్చి, తాగలేక పారబోయడం కన్నా అది నయం.

తక్కెడ ఉందా లేదా అన్నది మూడో గుర్తు. డబుల్ ఎస్ప్రెస్సోకు సుమారు 18 గ్రాముల పొడి, దానికి 36 గ్రాముల అటూఇటూ డికాషన్, 25 నుంచి 30 సెకన్లు, నీళ్ళ వేడి 93 డిగ్రీల దగ్గర. ఇది అందరూ మొదలుపెట్టే లెక్క. గింజను బట్టి కొంత మారుస్తారు, కానీ తూచకుండా మార్చలేరు. పదిహేను సెకన్లలోనే లేత పసుపు ధార బొళబొళ కారిపోతే పులుపు, నలభై సెకన్లు దాటినా చుక్కచుక్కగా పడుతుంటే మాడు చేదు. క్యూలో నిలబడే ఇదంతా చూడొచ్చు. పొద్దున తెరవగానే ఒకటి రెండు షాట్లు, అంటే ఎస్ప్రెస్సోలు, తీసి, రుచి చూసి సింకులో పోసేవాళ్ళు కనిపిస్తే దాన్ని దుబారా అనుకోకండి. అలాంటి అంగడి మంచిది.

నాలుగోది అలమారలో అమ్మకానికి పెట్టిన గింజల సంచులు. వాటి మీద వేయించిన తేదీ ఉండాలి. ‘ఫలానా నెలలోపు వాడండి’ అని మాత్రమే ఉంటే ఆ సంచి వయసు మీకు తెలియదు. మరీ తాజా అయినా చిక్కే. వేయించాక గింజలోంచి కొన్ని రోజులు కార్బన్ డయాక్సైడ్ వస్తూ ఉంటుంది. మూడు రోజుల గింజతో ఎస్ప్రెస్సో తీస్తే ఆ గ్యాస్ నీటిని పొడిలోకి దిగనీయదు, నురుగు ఎక్కువ, రుచి తక్కువ. ఫిల్టర్‌కు వారం నుంచి నెల, ఎస్ప్రెస్సోకు పది రోజుల నుంచి అయిదు వారాలు మంచి వయసు. మూడు నెలలు దాటిన సంచిలో పాత అట్టపెట్టె వాసన మొదలవుతుంది.

మ్యాప్‌లో స్టార్లను నమ్ముకోవద్దు. ఆ నాలుగున్నర స్టార్లు గోడ మీది మొక్కలకో, అవకాడో టోస్టుకో, కిటికీ పక్క సీటుకో వేసినవి కావచ్చు. అదే మ్యాప్‌లో రివ్యూల లోపల ‘బ్యాచ్ బ్రూ’ (మెషిన్‌తో ఒకేసారి ఎక్కువ దించిన ఫిల్టర్ కాఫీ), ‘వీ60’ (కోన్‌లో కాగితం పెట్టి చేత్తో నీళ్ళు పోసి దించేది), ‘రోస్టర్’ (గింజలు వేయించేవాళ్ళు) అన్న మాటలు వెతకండి, ఫొటోల్లో గ్రైండర్లు, సంచుల అలమార కనిపిస్తున్నాయా చూడండి. యూరోపియన్ కాఫీ ట్రిప్ అనే సైటుకు ఇలాంటి అంగళ్ళ మ్యాపు, యాప్ ఉన్నాయి. లండన్ దాటి పారిస్, బెర్లిన్ పోయినా అది పనికొస్తుంది.

ఇక అంగళ్ళు. లండన్‌కు కాఫీ కొత్తది కాదు. నగరంలో మొదటి కాఫీ ఇల్లు 1652లో కార్న్‌హిల్ దగ్గర సందులో పాస్క్వా రోజే తెరిచాడు. ఇప్పటి ఈ కొత్త వరస మాత్రం చాలావరకు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్ళు తెచ్చిన అలవాటు. 2005లో సోహోలోని బెర్విక్ స్ట్రీట్‌లో వాళ్ళ పాల కాఫీ ‘ఫ్లాట్ వైట్’ పేరుతోనే ఒక అంగడి మొదలైంది. కాఫీ చేసేవాళ్ళకు పెట్టే ప్రపంచ బరిస్టా పోటీలో 2007లో జేమ్స్ హాఫ్‌మన్, 2009లో గ్విలిమ్ డేవిస్ గెలిచాక, మరుసటేడు ఆ పోటీలు లండన్‌లోనే జరిగాక, ఊరంతా అంటుకుంది. హాఫ్‌మన్, ఆనెట్ మోల్డ్‌వేర్ కలిసి 2008లో పెట్టిన స్క్వేర్ మైల్ అనే రోస్టరీ (గింజలు వేయించే సంస్థ) గింజలు ఎన్నో అంగళ్ళకు పోతాయి. కౌంటర్ మీద వాళ్ళ ‘రెడ్ బ్రిక్’ సంచి కనిపిస్తే గింజ విషయంలో దిగులు అక్కర్లేదు. మిగతాది చేసేవాళ్ళ చేతిలో ఉంటుంది.

మనోళ్ళు ఎక్కువగా ఉండేది ఈస్ట్ హామ్, ఇల్ఫర్డ్, హౌన్స్‌లో, వెంబ్లీ వైపు కాబట్టి రైలు లైన్ల వరసనే చెప్పడం మేలు. ఈస్ట్ హామ్‌లో డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కి మాన్యుమెంట్‌లో దిగి, లండన్ బ్రిడ్జి మీదుగా పది పన్నెండు నిమిషాలు నడిస్తే బరో మార్కెట్, అక్కడ మాన్మత్ కాఫీ. 1978 నుంచి ఉన్న సంస్థ. కోన్‌లో కాగితం పెట్టి, ఒక్కో కప్పుకు విడిగా నీళ్ళు పోసి దించుతారు. ఇక్కడి రోస్టు మరీ లేత కాదు, పులుపు సర్దుకుని ఉంటుంది. అనంతపురం నుంచి వచ్చినవాళ్ళు పాలు లేని కాఫీని మొదటిసారి తాగాల్సింది ఇక్కడే అని మా అభిప్రాయం. శనివారం మధ్యాహ్నం మాత్రం వద్దు, మార్కెట్ జనంలో క్యూ వీధిలోకి వస్తుంది. వెంబ్లీ పార్క్ నుంచి జూబ్లీ లైన్‌లో నేరుగా లండన్ బ్రిడ్జి స్టేషన్‌కే రావచ్చు. ఈస్ట్ హామ్ వాళ్ళు మాన్యుమెంట్‌లో దిగకుండా ఇంకో రెండు స్టాపులు కూర్చుంటే మాన్షన్ హౌస్, ఆ పక్కనే క్వీన్ విక్టోరియా స్ట్రీట్‌లో రోజ్లిన్ కాఫీ. 2018లో మొదలైంది, ఆఫీసు జనం నిలబడి తాగి పరుగెత్తే అంగడి. తీరిగ్గా కూర్చుని ముచ్చట్లు పెట్టే చోటు కాదు.

ఇల్ఫర్డ్ వాళ్ళకు ఎలిజబెత్ లైన్ వరం. ఫారింగ్డన్‌లో దిగి ఏడెనిమిది నిమిషాలు నడిస్తే లెదర్ లేన్, అక్కడ ప్రూఫ్రాక్. గ్విలిమ్ డేవిస్ వాళ్ళు 2011లో తెరిచింది, బరిస్టాలకు శిక్షణ ఇవ్వడానికి పేరుపడిన చోటు. ఎస్ప్రెస్సో అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఇక్కడే తెలుసుకోండి. గింజ గురించి అడిగితే ఓపిగ్గా చెబుతారు, మధ్యాహ్నం భోజనాల వేళ మాత్రం అడగకండి. అదే లైన్‌లో తర్వాతి స్టాప్ టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్, అక్కడి నుంచి పైన చెప్పిన ఫ్లాట్ వైట్ మొదలైన బెర్విక్ స్ట్రీట్ నడక దూరమే. ఇంకొంచెం ఉత్తరానికి, ఆక్స్‌ఫర్డ్ సర్కస్ వెనక గ్రేట్ టిచ్‌ఫీల్డ్ స్ట్రీట్‌లో 2009లో మొదలైన కెఫీన్ ఉంది. పాల కాఫీ కావాలనుకునేవాళ్ళకు మేం ముందు చెప్పేది ఇదే.

హౌన్స్‌లో నుంచి పికడిల్లీ లైన్‌లో వచ్చేవాళ్ళు కోవెంట్ గార్డెన్‌లో దిగితే మాన్మత్ వాళ్ళ మొదటి అంగడి, మాన్మత్ స్ట్రీట్‌లోనే. చిన్న అంగడి. దానికి ఒక స్టాప్ ముందే లెస్టర్ స్క్వేర్, అక్కడి నుంచి ఓల్డ్ కాంప్టన్ స్ట్రీట్‌లో 1887 నుంచి ఉన్న అల్జీరియన్ కాఫీ స్టోర్స్. దీన్ని లేత రోస్టు వరసలో చేర్చలేం. కానీ మన డికాషన్‌కు కావలసిన ముదురు రోస్టు గింజలు తూచి, అడిగినట్టు పట్టి ఇస్తారు. ఇంట్లో ఇత్తడి ఫిల్టర్ పెట్టుకున్నవాళ్ళకు ఈ పాత అంగడే ఎక్కువ పనికొస్తుంది.

పోయేముందు వేళలు చూసుకోండి. మనకు కాఫీ వేళ మొదలయ్యే సాయంత్రం ఆరుకు ఇలాంటి అంగళ్ళలో చాలావాటి షట్టర్లు దిగిపోయి ఉంటాయి. నాలుగూ అయిదు మధ్య మూసేస్తారు, ఆఖరి అరగంటలో మెషిన్ కడుగుతూ ఉంటారు. సిటీ అనే ఆఫీసుల ప్రాంతంలో శని, ఆదివారాలు చాలా అంగళ్ళు తెరవనే తెరవరు. నగదు తీసుకోనివి కూడా ఎక్కువే, కార్డు దగ్గరుంచుకోండి.

ఏం అడగాలి? పొద్దున రద్దీలో అయితే బ్యాచ్ బ్రూ. లీటరు నీళ్ళకు సుమారు 60 గ్రాముల పొడితో మెషిన్ దించి ఫ్లాస్కులో ఉంచిన ఫిల్టర్ కాఫీ ఇది. అంగడి మంచిదైతే పౌండు ఎక్కువ పెట్టి వీ60 తాగడం కన్నా ఇదే నయం. వీ60లో 15 గ్రాముల పొడికి 250 గ్రాముల నీళ్ళు, రెండున్నర మూడు నిమిషాలు చేత్తో పోయాలి. పదిమంది క్యూలో ఉన్నప్పుడు ఆ చెయ్యి నిలకడగా ఉండదు. బ్యాచ్ బ్రూకు ఒక్క ప్రశ్న చాలు: ఎప్పుడు దించారు? గంట దాటితే వాసన చచ్చిపోతుంది. మధ్యాహ్నం మూడు గంటలకు, జనం లేనప్పుడు, వీ60 అడగండి.

పాలు కావాలంటే ఫ్లాట్ వైట్. డబుల్ షాటు మీద పాలు పోసి, మొత్తం 150 నుంచి 180 మిల్లీలీటర్లు. మన కాఫీకి అక్కడ దొరికే దగ్గరి చుట్టం ఇదే. లాటే అడిగితే అదే షాటుకు పాలు రెట్టింపు, మనవాళ్ళకు అది కాఫీ వాసన చూపించిన పాలు. ఇక్కడ రెండు ఫిర్యాదులు తప్పకుండా వస్తాయి. ఒకటి, పలుచగా ఉందని. అక్కడి నీలిమూత హోల్ మిల్క్‌లో కొవ్వు మూడున్నర శాతం చిల్లర. ఎనుము పాలలో అది ఆరు ఏడు శాతం. అంగడివాళ్ళ తప్పేం లేదు. రెండు, చల్లగా ఉందని. పాలను 55 నుంచి 65 డిగ్రీల మధ్య ఆపుతారు, అక్కడే తీపి బాగా తెలుస్తుంది. ‘ఎక్స్‌ట్రా హాట్’ అంటే చేసిస్తారు, కానీ 70 దాటాక నురుగు విరిగి బుడగలవుతుంది, కాగిన పాల వాసన గింజ వాసనను మింగేస్తుంది. పాలు కాచేటప్పుడు మొదటి మూడు నాలుగు సెకన్లు కాగితం చింపినట్టు సన్నని చప్పుడు, ఆ తర్వాత దాదాపు నిశ్శబ్దం ఉండాలి. చివరిదాకా కీచుమంటుంటే ఆ పాలు చెడిపోతున్నాయి. జగ్గులో మిగిలిన పాలనే మళ్ళీ కాస్తే ఆ అంగడికి మళ్ళీ పోకండి.

గింజలు కొనుక్కుని గదిలో మన ఫిల్టర్‌లో వేసుకునేవాళ్ళకు అసలు చిక్కులు ఇక్కడ మొదలవుతాయి. పావుకిలో సంచి పది నుంచి పదహారు పౌండ్లు. ‘ఫిల్టర్ రోస్ట్’ అని రాసింది కొనకండి. అది కాగితం ఫిల్టర్‌కు, మన ఫిల్టర్‌కు కాదు. దాంతో డికాషన్ పలుచగా, పుల్లగా దిగి, పాలు పోయగానే ఏ రుచీ లేకుండా పోతుంది. లేత గింజ గట్టిగా ఉంటుంది, తొందరగా కరగదు. ‘ఎస్ప్రెస్సో రోస్ట్’ తీసుకోండి. బ్రెజిల్ గింజైతే ఇంకా మంచిది, వేయించిన పప్పుల రుచి పాలకు బాగా ఆగుతుంది. దేనికి పట్టాలని అడిగితే ‘మోకా పాట్‌కు’ (పొయ్యి మీద పెట్టి కాఫీ దించే ఇటలీ పాత్ర) అనండి. సౌత్ ఇండియన్ ఫిల్టర్ అంటే అందరికీ తెలియకపోవచ్చు, మోకా పాట్ పొడి దానికి దాదాపు సరిపోతుంది.

చికోరీ లేకపోవడం ఇంకో చిక్కు. మన అంగళ్ళలో 80-20, 70-30, 60-40 అని చెప్పి పట్టించుకుంటాం. చట్టం ప్రకారం మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, మిగతాది చికోరీ కావచ్చు. చికోరీ నీళ్ళు పీల్చి ఉబ్బి, నీటిని ఆపి పట్టుకుంటుంది, డికాషన్‌కు నలుపు, చిక్కదనం ఇస్తుంది. అది లేని వట్టి కాఫీ పొడిలోంచి నీళ్ళు తొందరగా జారిపోతాయి. కాబట్టి 25 గ్రాముల పొడి వేసి, గొడుగు బిళ్ళతో మామూలు కన్నా కొంచెం గట్టిగా అదిమి, మరిగి అర నిమిషం ఆగిన నీళ్ళు 30 మిల్లీలీటర్లు పోసి పొడి తడవనివ్వండి. ఒక నిమిషం తర్వాత ఇంకో 100 పోయండి. పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో దిగితే సరి. అయిదు నిమిషాల్లో దిగిపోతే పొడి బరక. అరగంటైనా దిగకపోతే పొడి మరీ సన్నం, లేదా మూత బిగుసుకుని గాలి ఆడటం లేదు. మూత కాస్త పక్కకు జరిపి చూడండి. ఊరి నుంచి చికోరీ కలిపిన పొడి పట్టుకుపోవచ్చు గానీ పాలపొడి, కోవా సర్దకండి, బ్రిటన్‌లోకి మన దేశం నుంచి పాల పదార్థాలు తీసుకుపోనివ్వరు.

అన్నీ సరిగ్గా చేసినా కాఫీ సుద్ద తిన్నట్టుంటే నీళ్ళు చూడండి. లండన్ నీళ్ళు కఠినమైనవి, సుద్దరాతి నేలలోంచి వస్తాయి. చాలా ప్రాంతాల్లో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటుతుంది. కెటిల్ అడుగున తెల్లగా పేరుకునే పొర చూస్తే అనంతపురం వాళ్ళకు బోరు నీళ్ళు గుర్తుకొస్తాయి. ఆ నీళ్ళలోని బైకార్బొనేట్ కాఫీలోని పులుపును విరిచేస్తుంది, మంచి గింజ కూడా చప్పబడిపోతుంది. మంచి అంగళ్ళు నీళ్ళకు విడిగా ఫిల్టర్లు పెట్టుకునేది అందుకే, అదే గింజ అంగట్లో బాగుండి గదిలో బాగుండకపోవడానికి కారణమూ అదే. కార్ట్రిడ్జి ఉన్న నీళ్ళ జగ్గు కొనుక్కోండి, లేదా సూపర్ మార్కెట్‌లో వోల్విక్, ఆష్‌బెక్ లాంటి తక్కువ ఖనిజాల సీసా నీళ్ళు వాడండి.

సంచి అనంతపురానికి తెచ్చుకుంటే కథ తిరగబడుతుంది. ఇక్కడ క్యాన్‌లో వచ్చే ఆర్వో నీళ్ళలో ఖనిజాలు మరీ తక్కువ. వాటితో దించిన లేత రోస్టు పదునైన పులుపుగా, ఒట్టిపోయినట్టు ఉంటుంది. ఆర్వో నీళ్ళలో కొంచెం కుళాయి నీళ్ళు కలిపి, టీడీఎస్ పెన్నుతో (నీళ్ళలో కరిగిన ఖనిజాలు కొలిచే పరికరం) కొలిచి 100, 150 మధ్యకు తెచ్చుకోండి. ఆర్వో 30, కుళాయి 500 చూపిస్తుంటే మూడు వంతులకు ఒక వంతు కలిపితే సుమారు 150 వస్తుంది. మీది ఫ్లోరైడ్ ఉన్న బోరు అయితే ఈ కలపడం వద్దు, ఖనిజాలు రాసి ఉన్న సీసా నీళ్ళే కొనండి. సంచిని ఫ్రిజ్‌లో పెట్టకండి, తీసిన ప్రతిసారీ తేమ పడుతుంది. గాలి పిండేసి, మూతి బిగించి, పొయ్యికి దూరంగా అలమారలో ఉంచండి. ఏప్రిల్, మే ఎండల్లో అయితే వారానికి సరిపడా గింజ బయట ఉంచుకుని మిగతాది చిన్న చిన్న పొట్లాలుగా గాలి చొరకుండా కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టొచ్చు. ఒకసారి బయటికి తీసిన పొట్లాన్ని మళ్ళీ లోపల పెట్టకూడదు.